‘బిళ్ల కట్టింది’ అని తలలో వచ్చిన గడ్డకి అనొచ్చా?

మా బంధువులావిడకి తలలోంచి ఒక గడ్డ తీశారండీ. బయాప్సీలో క్యాజిల్‌మన్ వ్యాధి అని వచ్చింది, అది శోషరస (లింఫ్) గ్రంథుల జబ్బట, క్యాన్సర్ కాదట. వాళ్లమ్మగారికి తెలుగులో చెప్పాలి. ‘శోషరస గ్రంథి’ అంటే ఆవిడకి అర్థం కాదు, ‘కణితి’ అంటే టెన్షన్‌తో మంచం పడతారు. ‘బిళ్ల’ అనొచ్చా?

↳ మెడలోనో చంకలోనో అయితే అనొచ్చు. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల కడుతుంది, పిప్పిపన్ను ముదిరితే దవడ కింద చేతికి తగులుతుంది, పెద్దవాళ్లు వేలితో నొక్కి చూసి “పుండు మానితే అదే పోతుందిలే” అంటారు. దెబ్బ ఒకచోట, వాపు దాని దారిలో ఉన్న లింఫ్ గ్రంథిలో అన్నమాట. అందుకేనేమో గడ్డ లేస్తుంది, బిళ్ల మాత్రం కడుతుంది.

క్యాజిల్‌మన్‌కి ఆ పుండే ఉండదు, గ్రంథి కణజాలం దానంతటదే పెరుగుతుంది. బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పెథాలజిస్టు బెంజమిన్ క్యాజిల్‌మన్ 1954లో ఒక కేసు, 1956లో 13 కేసులు రాశారు, ఆయన చూసినవి ఛాతీలోవి. మైక్రోస్కోపులో కణాలు ఉల్లిపొరల్లా చుట్లుచుట్లుగా కనిపిస్తాయి. ఒక్కచోటే వస్తే పూర్తిగా తీసేస్తే చాలామందికి నయమైపోతుంది. ఒంట్లో చాలాచోట్ల వచ్చే రకం వేరు, అది మొండిది.

పైగా మెదడులో లింఫ్ గ్రంథులే లేవు! ఇది తలలోపల రావడం చాలా అరుదు, వస్తే సాధారణంగా మెదడుని కప్పిన పొరకి అంటుకుని ఉంటుంది. స్కానింగులో అచ్చం మెనింజియోమాలాగే (మెదడు పొరల్లో పుట్టే కణితి) ఉంటుంది కాబట్టి ముక్క పరీక్షకి వెళ్తేగానీ తేలదు. కాబట్టి ఇక్కడ ‘గడ్డ’ అనండి.

↳ ‘నిరపాయకరమైన గడ్డ’ అంటే?

↳ నాకు నచ్చదండీ. క్యాన్సర్ కాకపోయినా పుర్రె లోపల చోటెక్కడిది, మెదడు మీద ఒత్తితే ఫిట్స్ రావచ్చు, చూపు తగ్గొచ్చు. అపాయం లేనిదానికి ఆపరేషన్ ఎందుకు చేశారని ఆవిడే అడుగుతారు. ‘క్యాన్సర్ కాదు’ అంటే చాలు.

↳ గండమాల?

↳ అది మెడచుట్టూ దండలా బిళ్లలు రావడం, ఎక్కువగా టీబీ వల్ల. అస్సలు వద్దు.

↳ సరే. “మెదడు పైపొర మీద గడ్డ వచ్చిందమ్మా, తీసేశారు, క్యాన్సర్ కాదు, డాక్టరు రమ్మన్నప్పుడల్లా స్కానింగు చేయించుకోవాలి” అంటాను. ‘పైపొర’ అంటే నెత్తిమీది చర్మం అనుకుంటారేమో?

↳ ‘పుర్రెకీ మెదడుకీ మధ్యలో ఉండే పొర’ అనేయండి.