ఉదయగిరి బాలకృష్ణుడు ఎక్కడ? భైరవకోన ఎప్పుడు చూడాలి?

ప్రశ్న: మాది ఆత్మకూరు. ఉదయగిరి కోట ఎక్కి వచ్చిన మా పిల్లలు, అక్కడి గుడిలో దేవుడు లేడేమని అడుగుతున్నారు. ఆ విగ్రహం ఏమైందో, దగ్గరలో చూడదగిన శిల్పం ఇంకేముందో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: 1514లో గజపతుల నుండి ఉదయగిరిని గెలుచుకున్న శ్రీకృష్ణదేవరాయలు, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తరలించి, దానికోసమే కట్టించిన కృష్ణాలయంలో 1515లో ప్రతిష్ఠించారు. ఆ సంగతి ఆలయ ప్రాంగణంలోని శాసనంలోనే ఉంది. అయితే హంపి గర్భగుడి కూడా ఇప్పుడు ఖాళీయే. విగ్రహం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. నెల్లూరు నుండి రైలెక్కితే ఒక్కరోజులో చూసి రావచ్చు.

జవాబు: శిల్పం కావాలంటే సీతారామపురం మీదుగా భైరవకోనకు వెళ్లండి. ఒకే కొండ అంచున తొలిచిన ఎనిమిది శివాలయాలున్నాయి. పల్లవ శైలి అంటారు గానీ, అన్నీ ఒకే చేతిపని కావు: కొన్నింటి ముందు ద్వారపాలకులు తప్ప మరేమీ ఉండదు, మరికొన్నింటిలో స్తంభాల పాదాల వద్ద కూర్చున్న సింహాలు కనిపిస్తాయి. ఏడు గుహలు తూర్పుముఖంగా ఉన్నాయి కనుక ఉదయపు ఎండ ఏటవాలుగా పడి గీతలన్నీ లేచి కనిపిస్తాయి. మేము మధ్యాహ్నం వెళ్లి సగం పోగొట్టుకున్నాము.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఈ ఆదివారం తెల్లవారకముందే బయలుదేరుతాము. చెన్నై ప్రయాణం సెలవులకు ఉంచుకుంటాము.