నాయకుల హెలికాప్టర్ ఖర్చు జనానికి చూపించాలా, అక్కర్లేదా?

పర్లాకిమిడి కుర్రాడు:
ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్, గంజాం జిల్లాల్లో ఉన్న మన తెలుగువాళ్లందరినీ అడుగుతున్నాను. పార్టీ ఏదైనా సరే, పెద్ద నాయకుడు వస్తున్నాడంటే హెలికాప్టర్‌లోనే దిగుతున్నాడు. 2023లో అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ కార్యదర్శి వి.కె.పాండియన్ హెలికాప్టర్‌లో జిల్లాలు తిరిగి అర్జీలు తీసుకున్నప్పుడు, ఆ ఖర్చు సంగతేంటని బీజేపీ, కాంగ్రెస్ గట్టిగా నిలదీశాయి. 2024లో ప్రభుత్వం మారింది. అప్పుడు అడిగినవాళ్లలో ఒకరు ఇప్పుడు అధికారంలో ఉన్నారు. అడగడం మాత్రం ఆగిపోకూడదని నా బాధ. ఎవరొచ్చినా నెల తిరిగేలోగా మూడు సంగతులు జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టాలి: ఎవరి విమానం, డబ్బు ఎవరు కట్టారు, ఏ పని మీద వచ్చారు. మీరేమంటారు?

గుణుపురం టీచరమ్మ:
బాబూ, నేను దీనికి ఒప్పుకోను. భువనేశ్వర్ నుంచి రోడ్డు మీద మన దాకా రావాలంటే రావడానికి ఒక రోజు, పోవడానికి ఒక రోజు. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ ఇటు తొంగిచూడలేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి గజపతి జిల్లా బరాఘర దగ్గర కొండచరియలు విరిగిపడి జనం చచ్చిపోయారు. రోడ్లు ఎక్కడికక్కడ తెగిపోయాయి. అలాంటప్పుడు రోడ్డు మీద రమ్మంటారా? 2023 పర్యటన సంగతే తీసుకోండి. పింఛన్ కోసం, హాస్టల్ సీటు కోసం కాగితాలు పట్టుకుని ఎండలో నిలబడ్డవాళ్లను నేను చూశాను. భువనేశ్వర్ దాకా పోయి అర్జీ ఇచ్చుకోగల మనుషులు కారు వాళ్లు. ఖర్చు ఖర్చు అని గోల చేస్తే రేపు ఆ వచ్చేవాళ్లు కూడా మానేస్తారు.

రాయగడ టెంట్‌హౌస్:
అందరూ గాల్లో ఖర్చే మాట్లాడుతున్నారు, నేల మీద ఖర్చు ఎవరూ అడగట్లేదు. హెలిప్యాడ్‌కి సరుకు వేసేది మేమే కాబట్టి చెబుతున్నాను. ముందు మైదానం చదును చేయిస్తారు. ఎక్కువగా అది బడి ఆటస్థలమే అవుతుంది. ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా మిగలకుండా ఏరించాలి, రెక్కల గాలికి లేచిందంటే ప్రమాదం. సున్నంతో గుండ్రంగా గీసి మధ్యలో హెచ్ అక్షరం వేస్తారు. దుమ్ము లేవకుండా ట్యాంకర్లతో నీళ్లు కొడతారు, ఎండాకాలమైతే కొట్టిన కాసేపటికే మళ్లీ కొట్టాలి. చుట్టూ వెదురు బాదులతో బారికేడ్ కట్టాలి. గాలి ఎటు వీస్తోందో పైవాళ్లకి తెలిసేలా గుడ్డ గొట్టం ఎగరేయాలి. ఫైరింజన్, అంబులెన్స్, డాక్టర్ పొద్దున్నుంచీ అక్కడే కాపలా. 

ఇవన్నీ ఒక ఎత్తు, కార్లు ఒక ఎత్తు. నాయకుడు పైనుంచి వస్తాడు గానీ, దిగాక ఆయన ఎక్కాల్సిన కార్లు ముందు రోజే రోడ్డు మీద ఖాళీగా వచ్చి నిలబడతాయి. అంటే రోడ్డు ఖర్చు తప్పలేదు, దాని మీద గాలి ఖర్చు పడింది. ఈ ఖర్చంతా ఒక్కచోట రాయరు. మట్టిపని ఒక శాఖ, నీళ్లు ఇంకో శాఖ, బండ్లు మరో శాఖ. ఒక చోట నా బారికేడ్ బిల్లు ఏడాది దాటాక వచ్చింది. ఏ పద్దులో రాయాలో వాళ్లకే తేలక ఆఫీసుల చుట్టూ తిప్పారు. 

జయపురం మావయ్య:
టీచరమ్మ గారు సెప్పినాది నిజమే. తుపానొస్తే హెలికాప్టర్ రావాల, అందులో ఎవులికీ పేచీ లేదు. ఎలక్షన్లకి రోజుకి మూడేసి మీటింగులకి ఎగిరినప్పుడు లెక్క సెప్పమంటే తప్పేటండి? మనం హీరాఖండ్ రైలెక్కి రాత్రంతా కూకోని భువనేశ్వర్ ఎల్తన్నాం. మన టిక్కెట్టు డబ్బులకి మనం లెక్క సూసుకుంటాం, వాళ్లూ సూపించాల.

బరంపురం వకీలు:
ఇక్కడ మూడు రకాల ప్రయాణాలు కలగాపులగం అవుతున్నాయి. విడదీసి చూద్దాం.

మొదటిది ఖజానా డబ్బుతో ఎగరడం. జనానికి అన్నిటికన్నా సులువుగా దొరికేది ఇదే. 2005 సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) ఉంది. భద్రత అని, ఏ సమాచారం ఇవ్వక్కర్లేదో చెప్పే 8(1) సెక్షన్ చూపించి కాదంటారు. రేపు ఏ దారిన వస్తారని అడిగితే అది భద్రత విషయం. పోయిన నెల వచ్చిన ప్రయాణానికి ఎంత కట్టారంటే అందులో ఎవరి ప్రాణానికి ముప్పు? ఈ వాదన మీద అప్పీలుకి వెళ్లొచ్చు.

రెండోది పార్టీ ఖర్చు. జయపురం మావయ్యగారు అన్నది ఇదే. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థిది 95 లక్షలు దాటకూడదని పరిమితి. కానీ 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం స్టార్ క్యాంపెయినర్ల, అంటే పార్టీ జాబితాలో పేరిచ్చిన పెద్ద ప్రచారకుల ప్రయాణం అభ్యర్థి ఖాతాలో పడదు. గుర్తింపు పొందిన ఒక్కో పార్టీకి అలాంటివాళ్లు 40 మంది దాకా ఉండొచ్చు. అభ్యర్థి కూడా అదే హెలికాప్టర్ ఎక్కితే మాత్రం సగం ఆయన లెక్కలో వేస్తారు. పార్టీ తన లెక్కను అసెంబ్లీ ఎన్నికలైతే 75 రోజుల్లో, లోక్‌సభవైతే 90 రోజుల్లో ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. ఎన్నికలు లేని రోజుల్లో ఎగిరినదానికి ఈ కట్టడి కూడా లేదు. పోనీ పార్టీనే అడుగుదామా అంటే, ఆరు జాతీయ పార్టీలు ఆర్టీఐ కిందికి వస్తాయని 2013 జూన్‌లో కేంద్ర సమాచార కమిషన్ తేల్చి చెప్పినా అవి అమలు చేయలేదు.

మూడోది చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. అది తెలిసిన కంపెనీ యజమాని విమానంలో రావడం. ప్రైవేటు కేటగిరీలో రిజిస్టరైన విమానాన్ని కిరాయికి తిప్పకూడదని పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధన. కాబట్టి ఆ సీటుకి బిల్లే పుట్టదు. మీరు బిల్లు చూపించమంటే, లేదని చెప్పేస్తారు, అది అబద్ధం కూడా కాదు. ఐఏఎస్, ఐపీఎస్ అధికారులకైతే 1968 ప్రవర్తన నియమావళిలో 11వ నియమం ఉచిత ప్రయాణాన్ని కూడా కానుక కిందే లెక్కగడుతుంది. మంత్రులకూ ఒక నియమావళి ఉంది. కానీ దాన్ని పాటిస్తున్నారో లేదో చూడాల్సింది ముఖ్యమంత్రి, ప్రధాని లాంటి పైవాళ్లే. మనం కోర్టుకెక్కి అమలు చేయించగల చట్టం కాదది. 

మనది బాక్సైట్ కొండల ప్రాంతం. నియమగిరి తవ్వకం వద్దని 2013లో 12 గ్రామసభలు తీర్మానించిన నేల ఇది. ఇక్కడ గని ఫైలు ఎవరి బల్ల మీద ఉందో, ఆ బల్ల ముందు కూర్చునే మనిషి ఎవరి విమానంలో దిగాడో, రెండూ జనానికి తెలియాలి. కుర్రాడి మూడు సంగతుల్లో నాకు 'ఎవరి విమానం' అన్నదే ముఖ్యం, డబ్బు దాని తర్వాత.

రాయగడ పాత విలేకరి:
ఎవరి విమానం అన్నది ప్రాణాలకి సంబంధించిన మాట కూడా. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర ప్రైవేటు హెలికాప్టర్ కూలి లోక్‌సభ స్పీకర్ బాలయోగి పోయారు. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి పోయారు, అది ప్రభుత్వ హెలికాప్టరే. సరిహద్దుకి ఇటున్నా ఆ రెండు వార్తలు మన ఇళ్లలో ఎలా విన్నామో నాకు గుర్తుంది. నడిపే సంస్థ పేరు, దానికున్న అనుమతి కూడా ఆ వివరాల్లో ఉండాలి.

గుణుపురం టీచరమ్మ:
వకీలుగారూ, మూడోదాని విషయంలో మీతోనే ఉన్నాను. కంపెనీ విమానంలో వచ్చినవాళ్లకి ఎవరూ వత్తాసు పలకక్కర్లేదు. మొదటిదాని గురించే నా దిగులు. మీరు కోరినట్టు లెక్కలు వచ్చాయనుకోండి, పేపర్లో ఏ జిల్లా పర్యటనకి ఎంతయిందో పట్టిక వేస్తారు. కటక్, ఖుర్దా అడుగున ఉంటాయి. మల్కన్‌గిరి, కొరాపుట్, రాయగడ పైన ఉంటాయి. దూరం ఎక్కువ కాబట్టి ఖర్చు ఎక్కువ. ఆ పట్టిక చూపించి మన పర్యటనలే ముందు కోసేస్తారు. ఎన్నేళ్లుగా ఇలాగే జరుగుతోందో మీకు తెలియనిదా?

పర్లాకిమిడి కుర్రాడు:
టీచరమ్మా, దానికే కదా 'ఏ పని మీద వచ్చారు' అన్నది పెట్టాను. దాని కిందే ఎన్ని అర్జీలు తీసుకున్నారు, ఎన్ని తేల్చారు అన్నది రాయమందాం. తుపాను పర్యటనకి ఎంత ఖర్చయినా జనం అడ్డు చెప్పరు. మీటింగ్‌లో అరగంట మాట్లాడి వెళ్లిపోయినదాన్నే అడుగుతారు.

గుణుపురం టీచరమ్మ:
అర్జీల సంగతి కూడా ఉంటేనే నేను సంతకం పెడతాను. వట్టి డబ్బు లెక్కకి పెట్టను.

బరంపురం వకీలు:
సరేనమ్మా, కలుపుదాం. ఆర్టీఐ దరఖాస్తు రెండు చోట్ల పెట్టాలి. హెలికాప్టర్ కిరాయి సంగతి భువనేశ్వర్‌లో ఆ కిరాయి వ్యవహారం చూసే శాఖకి, నేల మీద ఖర్చు సంగతి ఆయా జిల్లా కలెక్టరేట్లకి. మన రాష్ట్ర నియమాల ప్రకారం ఫారం-ఏ నింపి గుర్తింపు పత్రం జత చేయాలి, 10 రూపాయల ఫీజు కట్టాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు నేను రాస్తాను. ఒకే దరఖాస్తులో అన్నీ కుక్కకండి, ఒక్క పర్యటన తేదీ వేసి దాని మీదే అడగండి. టెంట్‌హౌస్ బాబూ, నేల ఖర్చు కోసం ఏ కాగితాలు అడగాలో మీరే చెప్పాలి.

రాయగడ టెంట్‌హౌస్:
హెలిప్యాడ్ పనికి ఇచ్చిన వర్క్ ఆర్డర్లు, ట్యాంకర్ల బిల్లులు అడగండి. వాటితోపాటు ఆ రోజుకీ ముందు రోజుకీ కార్ల లాగ్‌బుక్కులు తప్పకుండా అడగండి. ఖాళీగా వచ్చిన కిలోమీటర్లు ఇంకెక్కడా దొరకవు.