జనాన్ని ఒకచోట నిలిపేది నేలా, నీళ్లా, లేక ముందే ఉన్న జనమా?

ఏటిగట్టు:
రాత్రిపూట అంతరిక్షం నుంచి తీసిన ఈజిప్టు ఫొటో ఎప్పుడైనా చూశారా? నల్లకాగితం మీద ఎవరో కాడతో సహా తామరపువ్వు గీసినట్టుంటుంది. కాడ నైలు లోయ, పువ్వు డెల్టా. మిగతాదంతా చిమ్మచీకటి. దేశం వైశాల్యం 10 లక్షల చదరపు కిలోమీటర్లు, జనం 10 కోట్ల పైచిలుకు. భాగిస్తే చదరపు కిలోమీటరుకు నూరు మంది చిల్లర. అబ్బో, ఎంత విశాలంగా బతుకుతున్నారో అనిపిస్తుంది. కానీ నూటికి 95 మంది ఉండేది 5 శాతం నేల మీదే. ఆ నేలతో భాగించి చూడండి, దగ్గర దగ్గర 2,000 తేలుతుంది.

ఇంకోటి, ఇండోనేసియాలోని జావా దీవి. వైశాల్యం సుమారు 1.3 లక్షల చదరపు కిలోమీటర్లు, జనం 15 కోట్లు. పక్కనే ఉన్న బోర్నియో దానికి ఐదు రెట్లకు పైనే ఉంటుంది, జనం మాత్రం జావాలో ఐదో వంతు కూడా లేరు. రెండూ భూమధ్యరేఖ దగ్గరవే, రెండుచోట్లా వానలకు కొదవలేదు. తేడా అంతా మట్టిలో ఉంది. జావాలో అగ్నిపర్వతాలు బూడిద చల్లి నేలకు మళ్లీ మళ్లీ సారం పోస్తుంటాయి. బోర్నియోలో ఆ పని చేసే కొండలు లేవు, ఉన్న సారాన్ని కూడా వానలే కడిగేస్తాయి. 2010లో జావాలోని మెరాపి అగ్నిపర్వతం పేలి 300 మందికి పైగా పోయారు. అయినా ఆ వాలు మీద సేద్యం ఆగలేదు. నీళ్లు, మట్టి... ఈ రెండే జనాన్ని నిలిపేవి. మిగతావన్నీ తర్వాత చెప్పుకునే కబుర్లని నా వాదన. కాదనేవాళ్లు రండి.

పాత అట్లాసు:
వచ్చానండీ. మీరు చెప్పింది మొదటి గుడిసె ఎందుకు వేశారన్న సంగతి. లక్షో గుడిసె ఎందుకు వేశారో అది చెప్పదు.

అమెరికాలో ఒహాయో నది మీద లూయీవిల్ అనే నగరం ఉంది. అక్కడ నది రాళ్ల మీద నుంచి ఉరకలేస్తూ దిగుతుంది. నీళ్లు తక్కువున్నప్పుడు పడవ దాటేది కాదు. సరుకంతా ఒడ్డుకు దించాలి, బళ్ల మీద వేసి ఉరవడి కిందికి తోలాలి, అక్కడ ఇంకో పడవకు ఎక్కించాలి. కాబట్టి హమాలీలు కావాలి, గోదాములు కావాలి, రాత్రి తలదాచుకోను సత్రాలు కావాలి. అలా ఊరు లేచింది. 1830లో ఉరవడిని తప్పిస్తూ కాలువ తవ్వారు. పడవ దిగకుండానే దాటిపోవచ్చు. అంటే ఊరు పుట్టడానికి కారణమైన ఇబ్బందే తీరిపోయింది. మరి ఊరు ఖాళీ కావాలి కదా? ఇప్పుడక్కడ 6 లక్షల పైచిలుకు ఉన్నారు.

హిరోషిమా సంగతి ఇంకా గట్టిది. 1945 ఆగస్టు 6 తర్వాత అక్కడ ఏం మిగిలిందో అందరికీ తెలుసు. మీ లెక్కన చూస్తే కొత్త ఊరు ఎక్కడైనా కట్టుకోవచ్చు. కట్టుకోలేదు. అక్కడికే తిరిగొచ్చారు, యుద్ధానికి ముందున్న జనాభాను 1950ల చివరికల్లా అందుకున్నారు. రైలు దారి అటే పోతుంది, స్థలం హక్కు అక్కడే ఉంది, బతికి బయటపడిన చుట్టం అక్కడే దొరుకుతాడు. జనం జనాన్ని చూసే వస్తారండీ, మట్టిని చూసి కాదు.

అంకెలగారడి:
అట్లాసు గారూ, ఊరి మట్టుకు మీ మాట నిజమే కావచ్చు. దేశం మొత్తం పటం పరిచి చూస్తే మాత్రం ఏటిగట్టు గారిదే పైచేయి. 1935లో హూ హువాన్‌యోంగ్ అనే భూగోళ శాస్త్రవేత్త చైనా జనాభా పటం మీద ఈశాన్య మూల నుంచి నైరుతి మూలకు ఓ ఏటవాలు గీత గీశాడు. గీతకు ఆగ్నేయాన 36 శాతం నేల, 96 శాతం జనం. తర్వాత అక్కడి ప్రభుత్వం పడమటికి రైళ్లు వేసింది, షిన్‌జియాంగ్‌లో సైనికులతో పొలాలు దున్నించింది, కర్మాగారాలు తరలించింది. ఇన్ని దశాబ్దాలకూ గీతకు ఇవతల సుమారు 94 శాతం ఉన్నారు. ఆ గీత పక్కపక్కనే ఏడాదికి 400 మిల్లీమీటర్ల వాన పడే హద్దు నడుస్తుంది. అంతకు తక్కువైతే వానాధారపు పంట కష్టం. విప్లవాలొచ్చాయి, పోయాయి, గీత మాత్రం చెక్కుచెదరలేదు.

అడ్డంపుల్ల:
ముగ్గురూ జనం వాళ్ల ఇష్టంతో వచ్చారనే అనుకుంటున్నారు. రష్యాలోని నోరిల్స్క్‌లో ఏ మట్టి ఉందని, ఏ చుట్టముందని? ఆర్కిటిక్ వృత్తానికి పైన గడ్డకట్టిన నేల మీద ఖైదీలతో కట్టించిన ఊరది. కారణం నికెల్. బ్రెజిల్ రాజధానిని తీరం నుంచి లోపలి పీఠభూమికి తరలించారు, 1960లో బ్రసీలియా మొదలైంది. ఆ రాజధాని జిల్లాలో ఇప్పుడు 28 లక్షల మంది. కాగితం మీద సంతకం పెడితే పుట్టిన ఊరు. దీన్ని ఏ ఖాతాలో వేస్తారు?

అంకెలగారడి:
సంతకానికి బలం లేదనను. కానీ ఏటిగట్టు గారి జావానే చూడండి. జనాన్ని అక్కడి నుంచి బయటి దీవులకు పంపాలని డచ్చి పాలకులు 1905లో మొదలుపెట్టారు, స్వతంత్ర ఇండోనేసియా దశాబ్దాల పాటు కొనసాగించింది. ఇప్పటికీ దేశ జనాభాలో సగానికి పైగా జావాలోనే. సంతకం ఒక ఊరిని పుట్టించగలదు, దీవిని ఖాళీ చేయించలేకపోయింది.

మౌనపాఠకుడు:
ఎప్పుడూ చదివి వెళ్లిపోయేవాణ్ని, ఇవాళ ఆగలేక రాస్తున్నా. ఈగ గురించి ఒక్కరూ ఎత్తలేదేం? ఆఫ్రికాలో నీళ్లూ పచ్చికా పుష్కలంగా ఉన్న పల్లపు ప్రాంతాలు చాలాకాలం పలచగా ఉండిపోవడానికి ట్సెట్సీ ఈగ ఓ పెద్ద కారణం. అది మనుషులకు నిద్రజబ్బు తెస్తుంది, పశువులను చంపేస్తుంది. ఎద్దు బతకనిచోట నాగలి ఎక్కడిది, పెంట ఎక్కడిది, బండి ఎక్కడిది? ఈగా మలేరియా దోమా అంతగా ఎక్కలేని ఎత్తుల్లో చూడండి. ఇథియోపియా జనంలో ఎక్కువమంది ఎత్తైన ప్రాంతాల్లోనే ఉంటారు. రువాండా అంతా కొండలే, చదరపు కిలోమీటరుకు 500 మంది పైమాటే. కాబట్టి నేల బాగుంటే చాలదు, అక్కడ మనిషీ గొడ్డూ బతికి బట్టకట్టాలి.

ఏటిగట్టు:
ఈగ మాట ఒప్పుకుంటున్నా, నా జాబితాలో అది లేదు. కానీ అట్లాసు గారికి లొంగను. రాతి ఉరవడి కూడా నది చేసిందేగా!

పాత అట్లాసు:
అలా సాగదీస్తే అన్నీ నదివే. సరే, ఫీనిక్స్ తీసుకోండి. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ఎడారి నగరం. 1950లో లక్ష మంది చిల్లర, 2020కి 16 లక్షలు. ఏసీ వచ్చింది, జనం వచ్చారు. ఆ తర్వాత 540 కిలోమీటర్ల కాలువ తవ్వి కొలరాడో నది నీళ్లు తెచ్చారు. జనం నీళ్లున్నచోటికి పోలేదు, నీళ్లే జనమున్నచోటికి వచ్చాయి.

ఏటిగట్టు:
ఆ ఊరికి ఆ పేరెందుకొచ్చిందో కూడా చెప్పండి మరి! 1860లలో వచ్చినవాళ్లకు అక్కడ హోహోకమ్ అనే పాత జాతివాళ్లు సాల్ట్ నది నుంచి తవ్విన కాలువల ఆనవాళ్లు కనిపించాయి. వాటినే పూడిక తీసి వాడుకున్నారు. శిథిలాల్లోంచి లేచిన ఊరని బూడిదలోంచి లేచే పక్షి పేరు పెట్టారు. విత్తనం నీళ్లలోనే ఉందండీ.

అడ్డంపుల్ల:
ఆ కాలువలు తవ్వినవాళ్లు 1450 ప్రాంతానికే ఊళ్లు వదిలేశారు. సాల్ట్ నది మాత్రం అక్కడే ఉంది.

ఏటిగట్టు:
దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ కొలరాడో సంగతి వినండి. 2021 ఆగస్టులో ఆ నదికి మొట్టమొదటిసారి నీటి కొరత ప్రకటించారు, మరుసటేడు అరిజోనా వాటాలో కోత పడింది. ఇప్పుడు జనం కదులుతారా లేదా చూద్దాం.

పాత అట్లాసు:
ఆ కోత ఎవరి మీద పడిందో చూశారా? చాలావరకు దక్షిణాన ఉన్న పొలాల మీద. రైతులు చేలను బీడు పెట్టుకున్నారు, నగరంలో కుళాయిలు మాత్రం ఆగలేదు.