25 దాటి వెళ్లాలనుకుంటున్న తమ్ముడికి: స్టుట్‌గార్ట్‌లో ఎలక్ట్రిక్ సైకిల్

ప్రశ్న

అందరికీ నమస్కారం. చదువు కోసం రెండు నెలల కిందట స్టుట్‌గార్ట్ వచ్చాను. గది ఊరి మధ్యలో, తరగతులు ఫైహింగెన్ ప్రాంగణంలో. పోయిన వారం వాడిన ఎలక్ట్రిక్ సైకిల్ ఒకటి కొన్నాను. చదునైన దారిలో గంటకు 25 కిలోమీటర్లు దాటగానే మోటారు సాయం ఆగిపోతోంది. ఆ పైన తొక్కుతుంటే ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఉంటోంది. కాలిఫోర్నియాలో ఉన్న మా బావ తన సైకిల్ 28 మైళ్ల వేగంతో వెళ్తుందంటున్నాడు. ఇక్కడ వేగం పెంచే చిన్న పరికరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మా తరగతిలో ఒకరు అది బిగించుకుని 40 దాకా వెళ్తున్నారు. నేనూ బిగించుకోవచ్చా? పట్టుబడితే జరిమానా ఎంత? నా దగ్గర మన దేశపు కారు లైసెన్సు ఉంది. రోజూ పొద్దున తరగతికి ఆలస్యమవుతోంది, అందుకే అడుగుతున్నాను.

మొదటి జవాబు

తమ్ముడూ, బిగించుకోకండి. వద్దు అని ఊరుకుంటే మీ ఆలస్యం తీరదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు జరిమానా సంగతి. జర్మనీలో మీ బండి చట్టం దృష్టిలో మామూలు సైకిలే. అలా ఉండాలంటే మోటారు నిరంతర సామర్థ్యం 250 వాట్లు మించకూడదు, పెడల్ తొక్కినప్పుడే సాయం అందాలి, వేగం 25 చేరగానే ఆ సాయం ఆగిపోవాలి. దిగి నెట్టుకుంటూ వెళ్లేటప్పుడు 6 కిలోమీటర్ల వేగం వరకు మోటారు తోడ్పడవచ్చు, అంతే. ఈ హద్దుల్లో ఉన్నంతకాలం లైసెన్సు అడగరు, నంబరు పలక అడగరు, వాహన బీమా అడగరు. మీరు అనుకుంటున్న పరికరం బిగించగానే అదే బండి మోటారు వాహనం అవుతుంది. అనుమతి పత్రం లేదు, బీమా లేదు, నంబరు లేదు. బీమా లేని మోటారు వాహనాన్ని రోడ్డెక్కించడం ఇక్కడ చలానా కట్టి మరచిపోయే తప్పు కాదు. అది నేరం, ఏడాది దాకా జైలు లేదా జరిమానా. తగిన లైసెన్సు లేకుండా నడపడం ఇంకో నేరం, దానికీ అంతే శిక్ష. మన లైసెన్సు ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 6 నెలలు మాత్రమే చెల్లుతుంది. మీకు ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి.

జరిమానాను ఇక్కడ రోజుల లెక్కన వేస్తారు. మీ నెల ఆదాయంలో ముప్పయ్యో వంతు ఒక రోజు. విద్యార్థి ఆదాయం తక్కువ కనుక మొత్తం చిన్నదిగానే కనిపిస్తుంది, అందుకే చాలామంది తేలికగా తీసుకుంటారు. కానీ రేపు మీ మీద పనిచేసేది ఆ మొత్తం కాదు, రోజుల సంఖ్య. ఆ సంఖ్య 90 దాటితే పోలీసు ధ్రువపత్రంలోకి ఎక్కుతుంది, పౌరసత్వ దరఖాస్తుకూ అడ్డు తగులుతుంది. ఒకటికి మించి శిక్షలు పడితే పౌరసత్వం దగ్గర వాటిని కలిపి లెక్కిస్తారు. ఇంత దూరం వచ్చి చదువుకుంటున్నవారు ఇలాంటి చిన్న పరికరం కోసం ఆ అవకాశాన్ని పణంగా పెట్టడం నాకు మనసొప్పదు.

నిజానికి నన్ను ఎక్కువ భయపెట్టేది పోలీసులు కాదు. మీరు వచ్చిన కొత్తలోనే వ్యక్తిగత బాధ్యతా బీమా తీసుకుని ఉంటారు. 25 సైకిల్‌తో పొరపాటున ఎవరినైనా గుద్దితే సాధారణంగా ఆ బీమా ఆదుకుంటుంది. మోటారు వాహనంతో గుద్దితే ఆదుకోదు. దారిన పోయే ఒక పెద్దావిడ తుంటి విరిగితే ఆపరేషను ఖర్చు, ఆమె కోలుకునే దాకా అయ్యే ఖర్చు, నష్టపరిహారం, అన్నీ మీ జేబులోంచే. అలాంటి అప్పు ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

ఇక మీ అసలు బాధ, ఆలస్యం. స్టుట్‌గార్ట్ నడిబొడ్డు గిన్నె అడుగున ఉంది, మీ ప్రాంగణం గిన్నె అంచు మీద ఉంది. ఎత్తు తేడా దాదాపు 200 మీటర్లు. మనిషి, బండి, సంచి కలిపి 100 కిలోలనుకుందాం. ఆ బరువును 6 శాతం ఎక్కుడు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో లాగడానికే 300 వాట్లు కావాలి. అంటే పొద్దున తరగతికి వెళ్లేటప్పుడు దారిలో ఎక్కువ భాగం మీరు 25 దరిదాపుల్లోకే రారు. రాని హద్దును తొలగించి ఏమి లాభం? ఆ పరికరం పనిచేసేది సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు, దిగుడులో. అక్కడ మోటారు అవసరమే లేదు. ఇంకో మాట, చాలామంది కొత్తవారికి తెలియదు: 25 దాటి వెళ్లడం నిషేధం కాదు. సొంత కాళ్ల బలంతోనో దిగుడులోనో 30, 35 వెళ్లవచ్చు. ఆగవలసింది మోటారు సాయం మాత్రమే. సైకిల్ వీధి అని బోర్డు ఉన్నచోట మాత్రం ఎవరికైనా 30 హద్దు.

చదునైన దారి లెక్క కూడా చెబుతాను. నిటారుగా కూర్చుని తొక్కితే గాలి లేని రోజున 25 వేగానికి సుమారు 175 వాట్లు చాలు. 35 కావాలంటే 400 వాట్లు, 45 కావాలంటే 800 వాట్లు. గాలిని చీల్చుకుని వెళ్లడానికి పట్టే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టే ఈ తేడా. 250 వాట్లకు రూపొందించిన మోటారు కొద్దిసేపు అంతకన్నా ఎక్కువ ఇవ్వగలదు, కానీ గంటల తరబడి అలా నడిపితే వేడెక్కి అరిగిపోతుంది. బ్యాటరీ మీద వెళ్లగలిగే దూరం సగానికన్నా తక్కువకు పడిపోతుంది. బ్రేకుల సంగతి మరీ ముఖ్యం. ప్రమాదాన్ని గమనించి బ్రేకు పట్టడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, పొడి రోడ్డు మీద గట్టిగా పట్టినా 25 వేగంలో ఆగడానికి 12 మీటర్లు, 45 వేగంలో 28 మీటర్లు. ఆ 16 మీటర్లలో ఒక కారు తలుపు తెరుచుకోవచ్చు, ఒక పిల్లవాడు బంతి వెంట రావచ్చు.

మరి తొందరగా చేరడం ఎలా? ముందు గాలి చూడండి. టైరు పక్కన కనీసం ఎంత, గరిష్ఠంగా ఎంత ఒత్తిడి ఉండాలో ముద్రించి ఉంటుంది. వాడిన బండ్లలో చాలావరకు దాని కింద ఉంటుంది, బొటనవేలితో నొక్కి చూస్తే తెలియదు, కొలిచే పంపు కావాలి. తర్వాత బండిని పైకెత్తి ఒక్కో చక్రం తిప్పండి. సొర్రుమని రాసుకున్న చప్పుడు వస్తే బ్రేకు పట్టుకుంటోందన్నమాట, మీరు రోజంతా దానితో పోరాడుతున్నారు. చైను తుడిచి నూనె వేయండి. సీటు ఎత్తు సరిచేయండి: మడమను పెడల్ మీద పెట్టి కిందికి తిప్పినప్పుడు కాలు నిటారుగా చాచుకోవాలి. కింద ఉన్న సీటుతో కొండ ఎక్కడం మోకాళ్లకు శిక్ష.

అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది గేరు. చాలామంది పెద్ద గేరులో పెట్టి నెమ్మదిగా, బరువుగా తొక్కుతూ మోటారే లాగాలని చూస్తారు. పెడల్ దగ్గర మోటారు ఉన్న బండ్లు అలా తొక్కితే తమ పూర్తి బలం ఇవ్వలేవు. ఎక్కుడు మొదలవక ముందే గేరు తగ్గించి, నిమిషానికి 70, 80 చుట్లు తిరిగేలా తొక్కండి. అదే మోటారు, అదే బ్యాటరీ, ఎక్కే వేగం మాత్రం మారుతుంది. నేను ఈ అలవాటు చేసుకున్న వారంలోనే అదే కొండ మీద నాలుగు నిమిషాలు కలిసి వచ్చాయి.

దారి కూడా మార్చి చూడండి. సిగ్నళ్లు తక్కువున్న దారి కిలోమీటరు ఎక్కువైనా తొందరగా చేరుస్తుంది. మరీ అలసిన రోజున మరియెన్‌ప్లాట్స్ నుంచి డెగెర్లోఖ్‌కు పళ్ల చక్రంతో కొండ ఎక్కే రైలు ఉంది. 1884 నుంచి నడుస్తోంది, పైకి వెళ్లేటప్పుడు సైకిళ్లను మోసుకెళ్తుంది. అక్కడి నుంచి ఫైహింగెన్‌కు పెద్ద ఎక్కుడు లేదు.

రెండవ జవాబు

అన్నగారు చెప్పినదంతా నిజం. వాడిన బండి కొన్నానన్నారు కాబట్టి నేను ఒకటి కలుపుతాను. నాలుగేళ్ల కిందట నేనూ ఇలాగే తెలియని వ్యక్తి దగ్గర కొన్నాను. మూడో వారంలో తెర మీద లోపం సంకేతం వచ్చి మోటారు నీరసపడింది. మెకానిక్ మోటారు మూత తీస్తే సెన్సరు తీగకు మధ్యలో ఒక చిన్న పెట్టె కనబడింది. నేను పెట్టినది కాదు, నాకు తెలియనే తెలియదు. అమ్మిన వ్యక్తి ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. మూడు వారాల పాటు మా పాపను వెనక కూర్చోబెట్టుకుని బీమా లేని వాహనం నడిపానని తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఈ పెట్టెలు మోటారుకు అబద్ధం చెబుతాయి. వెనక చక్రం పుల్లలకు అయస్కాంతం ఉంటుంది, అది సెన్సరు ముందు నుంచి ఎన్నిసార్లు పోతే అంత వేగమని మోటారు లెక్క వేస్తుంది. ఆ లెక్కను సగం చేసి పంపితే 36లో వెళ్తున్నా మోటారు 18 అనుకుంటుంది. అందుకే పరీక్ష సులువు: చదునైన దారిలో తెర చూపే వేగాన్ని ఫోనులోని జీపీఎస్ వేగంతో పోల్చండి. రెండూ దగ్గరగా ఉండాలి. 27 దాటినా మోటారు నెడుతూనే ఉంటే అనుమానించండి. చట్రం మీద 250 వాట్లు, 25 కిలోమీటర్లు అని ఉన్న స్టిక్కరు ఉందో లేదో చూడండి. చట్రం నంబరు మొదటి రసీదులో ఉన్నదానితో కలవాలి, లేకపోతే దొంగ బండి కావచ్చు.

ఇప్పటి మోటార్లు ఈ అబద్ధాన్ని పట్టేస్తున్నాయి కూడా. బాష్ కంపెనీ మోటార్లు 2020 మోడళ్ల నుంచి తెర మీద 504 అన్న లోపం సంకేతం చూపించి సాయం తగ్గించేస్తాయి. 90 నిమిషాలు అలాగే తొక్కితే మామూలవుతుంది, మూడోసారి మాత్రం దుకాణానికి తీసుకెళ్లాల్సిందే.

మీ బావగారిది తప్పేమీ కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఈ సైకిళ్లను మూడు తరగతులు చేశాయి. మొదటి రెండింటికి 20 మైళ్లు, మూడోదానికి 28 మైళ్లు, అంటే 45 కిలోమీటర్లు. బ్రిటన్‌లో 15.5 మైళ్లు, కెనడాలో 32 కిలోమీటర్లు. ఐరోపా సంఘంలో 250 వాట్లు, 25 కిలోమీటర్లు అన్న గీత 2002 నాటి ఆదేశంలోనే ఉంది. ఆయన బండిని ఆయన ఊళ్లో తొక్కనివ్వండి, దాన్ని మాత్రం ఇక్కడికి తెప్పించుకోకండి.

మీ తరగతిలో పరికరం బిగించుకున్నవారికి కూడా ఈ సంగతులు చెప్పండి తమ్ముడూ. ఇక్కడి పోలీసులు అనుమానం వస్తే బండిని స్వాధీనం చేసుకుని నిపుణుల చేత పరీక్ష చేయిస్తారు.

తమ్ముడి నుంచి

అన్నయ్యా, అక్కయ్యా, ధన్యవాదాలు. పరికరం కొనడం లేదు. ఫోనుతో పోల్చి చూశాను, వేగం సరిగానే చూపుతోంది. ముందు చక్రం తిప్పితే అన్నయ్య చెప్పిన చప్పుడే వచ్చింది. ఒక్క సందేహం: 45 వెళ్లే సైకిళ్లు ఇక్కడా చట్టబద్ధంగా అమ్ముతారని విన్నాను. ఉద్యోగం వచ్చాక అది కొనుక్కోవచ్చా?

మొదటి జవాబు రాసినవారి నుంచి

కొనుక్కోవచ్చు. వాటిని ఎస్-పెడెలెక్ అంటారు. కారు లైసెన్సు ఉంటే అందులోనే దానికి కావలసిన, మోపెడ్ల లాంటి చిన్న బండ్లకిచ్చే ఏఎం తరగతి కలిసి ఉంటుంది, కానీ అది అప్పటికి చెల్లే లైసెన్సు కావాలి. అంటే మీరు రాత పరీక్ష, నడిపే పరీక్ష రెండూ ఇక్కడ పూర్తిచేయాలి. బీమా కట్టాక ఇచ్చే నంబరు పలక ప్రతి ఏటా మార్చి 1న మారుతుంది, దాని రంగు కూడా నలుపు, నీలం, ఆకుపచ్చల వరుసలో మారుతుంది. హెల్మెట్ తప్పనిసరి. ఒక పెద్ద ఇబ్బంది ఉంది: వాటిని సైకిల్ దారుల్లోకి రానివ్వరు, కార్లతోపాటు రోడ్డు మీదే వెళ్లాలి. ట్యూబింగెన్ లాంటి ఊళ్లు కొన్ని దారులు తెరిచాయి, కానీ ఎక్కువ చోట్ల అలా లేదు. మీ కొండ దారిలో కార్ల మధ్య వెళ్లడం ఎలా ఉంటుందో కొనే ముందు ఒక రోజు అద్దెకు తీసుకుని చూడండి.

ముందు చక్రం చప్పుడు చేస్తోందంటే బ్రేకు పట్టుకునే భాగం కాస్త పక్కకు జరిగి ఉంటుంది, రెండు మరలు వదులు చేసి సరిచేయాలి. కొండ దిగే బండి కదా, తెలియకపోతే మీరు విప్పకండి. శనివారం పొద్దున బండి తీసుకుని మా ఇంటికి రండి. కొలిచే పంపు, నూనె, పనిముట్లు అన్నీ ఉన్నాయి. చిరునామా మీకు విడిగా పంపుతాను.