నవంబరు అట్లాంటిక్‌లో నడుము లోతున డిటెక్టింగ్: ఏ వెట్‌సూట్ కొనాలి?

పుష్కరఘాట్ (ఎడిసన్, న్యూజెర్సీ):

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. చిన్నప్పుడు పాడైపోయిన స్పీకరులోంచి అయస్కాంతం పీకి, నైలాను తాడు కట్టి, గోదావరిలో భక్తులు వేసిన చిల్లర లాగేవాళ్లం. స్టీలు పావలాలు అంటుకునేవి, పాత రూపాయి బిళ్లలు అంటుకునేవి కావు. ఎందుకో తెలియని వయసు. ఇప్పుడు నలభై ఏడేళ్లు వచ్చాక అదే పని న్యూజెర్సీ తీరంలో చేస్తున్నాను. ఇక్కడ వాడుకలో ఉన్న నాణేలేవీ అయస్కాంతానికి అంటవు కాబట్టి చేతిలో మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 అనే మెటల్ డిటెక్టర్ ఉంటుంది.

పొడి ఇసుక మీద నాకు ఆసక్తి లేదు. ఉంగరాలు జారేది నీళ్లలో. చల్లటి నీటికి వేళ్లు సన్నబడతాయి, పైన సన్‌స్క్రీన్ జిడ్డు. కాబట్టి వేసవి జనం వెళ్లిపోయాక, తెల్లవారుజామున ఆటు బాగా తీసినప్పుడు, నడుము లోతున వెతకాలని నా కోరిక. సెప్టెంబరులో హాయిగా ఉంటుంది, అక్టోబరు కూడా పరవాలేదు. నిరుడు నవంబరు మొదటి ఆదివారం బెల్మార్ వైపు దిగాను. ఒంటి మీద చవకలో కొన్న 3/2 వెట్‌సూట్ (నియోప్రీన్ అనే నురగ రబ్బరుతో చేసిన, ఒంటికి అతుక్కునే సూట్; అంకెలు దాని మందం). ముప్పై అయిదు నిమిషాలకు వేళ్లు కొంకర్లు పోయాయి. కారు తాళం చెవిని రెండు అరచేతుల మధ్య ఇరికించి తిప్పవలసి వచ్చింది. "ఎవరో పోగొట్టుకున్న ఉంగరాల కోసం ఉన్న మనిషిని నేను పోగొట్టుకోలేను" అని మా ఆవిడ ఖండితంగా చెప్పింది.

నీళ్లు 55 డిగ్రీల ఫారెన్‌హీట్ (దాదాపు 13 సెల్సియస్) ఉంటే 4/3 సరిపోతుందని సర్ఫింగ్ దుకాణంలో చెప్పారు. వాళ్ల గోడ మీది పట్టికలోనూ అదే ఉంది. నాకెందుకో నమ్మకం కలగలేదు. నా ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు, అందులో పొట్ట వాటా గణనీయం. నాలుగు వందల డాలర్ల లోపు పెట్టగలను. వెట్‌సూటా, వేడర్సా (బూట్లతో కలిసి ఛాతీ దాకా వచ్చే, నీరు దూరని ప్యాంటు), డ్రైసూటా (నీరు అసలు లోపలికి రాని సూట్)? వెట్‌సూట్ అయితే ఎంత మందం?

కొల్లేటికొంగ (డెలావేర్):

నేను నాలుగేళ్లుగా నియోప్రీన్ చెస్ట్ వేడర్స్‌తోనే నెట్టుకొస్తున్నాను. లోపల ఉన్ని ప్యాంటు వేసుకుంటే డిసెంబరులో కూడా కాళ్లు పొడిగా, వెచ్చగా ఉంటాయి. వెట్‌సూట్‌లో దూరడానికి పట్టే పావుగంటలో నేను రెండు క్వార్టర్లు (పాతిక సెంట్ల నాణేలు) తీసేస్తాను. అయితే నేను తిరిగేది అలలు లేని బే (అఖాతం) లోపల. నడుముకు బెల్టు బిగించకుండా మాత్రం దిగవద్దు.

నీటికాకి (లాంగ్ బ్రాంచ్ దగ్గర):

కొంగగారి మాట బే వరకు నిజం. పుష్కరఘాట్‌గారు దిగేది తెరిచి ఉన్న సముద్రంలో. నడుము లోతున నిలబడితే ఏడింట ఒక అల ఛాతీ దాకా వస్తుంది, పదిహేనింట ఒకటి గడ్డం కడుగుతుంది. వేడర్స్‌లో నీళ్లు నిండితే మనిషి గుండులా మునిగిపోతాడని చాలామంది భయపడతారు. అది నిజం కాదు, నీటిలో నీటికి బరువు ఉండదు. అసలు చిక్కు ఒడ్డుకు వచ్చేటప్పుడు. రెండు కాళ్లకు రెండు బిందెలు కట్టుకుని అలల్లో నడిచి చూడండి. నేను ఒకసారి నడిచాను, చివరి పది గజాలు పాకాను. ఆ వేడర్స్ ఇప్పుడు మా గరాజులో ఎరువు బస్తాల పక్కన ఉన్నాయి.

ఇక అసలు సంగతి. దుకాణంలోని పట్టిక అబద్ధం కాదు, కానీ అది మీ కోసం రాసింది కాదు. సర్ఫింగ్ చేసేవాడు చేతులతో తెడ్డు వేస్తూనే ఉంటాడు, ఒళ్లు కొలిమిలా కాలుతుంది. మనం కొంగలా నిలబడతాం. కాయిల్ (డిటెక్టర్ కొసన ఉండే చక్రం) మెల్లగా తిప్పుతాం, ఆగుతాం, వింటాం, వంగుతాం, స్కూప్ (ఇసుక తోడే జల్లెడ పార) దించుతాం, మళ్లీ ఆగుతాం. ఒంట్లో పుట్టే వేడి తక్కువ. అదే ఉష్ణోగ్రతకు వాళ్ల పట్టిక చెప్పినదానికంటే ఒక మెట్టు మందం ఎక్కువ తీసుకోవాలని పన్నెండేళ్లుగా నా లెక్క. 55 డిగ్రీలకు వాళ్లు 4/3 అంటే మీరు 5/4 తీసుకోండి, తలకు టోపీ దానికే అతికి ఉండాలి. డిసెంబరులోనూ దిగుతానంటే 6/5. మొదటి అంకె మొండెం మందం, రెండోది కాళ్లూ చేతులది, మిల్లీమీటర్లలో.

రెండో సంగతి ఎవరూ చెప్పరు. మన ఒంట్లో సగం నీటి పైన ఉంటుంది. వేసవిలో కూజా నీళ్లు ఎలా చల్లబడతాయో గుర్తుందా? తడిసిన కూజా మీద గాలి వీస్తే చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. తడిసిన నైలాను పొర ఉన్న వెట్‌సూట్ మీద నవంబరు ఈశాన్య గాలి వీస్తే మీ ఛాతీయే కూజా. నీళ్లు చల్లగా ఉన్నాయని మనం తిట్టుకుంటాం, చాలాసార్లు దొంగ పైన వీచే గాలి. అందుకే ఛాతీకీ వీపుకీ గుడ్డపొర లేని నున్నటి రబ్బరు పలక ఉన్న సూట్ చూడండి. దాని మీద నీరు నిలవదు. గోరు గుచ్చితే చిరుగుతుంది, అది దాని జబ్బు. అలాంటిది దొరకకపోతే మామూలు సూట్ మీద పాత రెయిన్‌కోటు ఒకటి తొడుక్కోండి. నేను పదిహేను డాలర్ల పసుపుపచ్చ కోటు వేసుకుంటాను. చూసేవాళ్లకు నవ్వు, నాకు అరగంట అదనం.

మూడోది, మీ పొట్ట. ఏమీ అనుకోకండి, నాదీ అదే కథ. వెట్‌సూట్ నీటిని ఆపదు. పలచగా లోపలికి వచ్చిన నీటిని ఒళ్లు వెచ్చబెట్టుకుంటే, నియోప్రీన్‌లోని గ్యాసు బుడగలు ఆ వేడిని బయటికి పోనివ్వవు. ఆ నీరు కదలకుండా ఉన్నంతసేపే ఈ ఏర్పాటు పని చేస్తుంది. పొట్టకు సరిపోవాలని పెద్ద సైజు కొంటే నడుము వెనక గుంటలో, చంకల్లో ఖాళీ మిగులుతుంది. మనం గంటకు వందసార్లు వంగుతాం. వంగిన ప్రతిసారీ ఆ ఖాళీ చేతిపంపులా పాత నీటిని తోసి కొత్త చల్లనీటిని లాగుతుంది. అలాంటి వదులు 6/5 కంటే ఒంటికి అతుక్కున్న 4/3 మేలు. మీ ఎత్తుకు మామూలు లార్జ్ కాదు, లార్జ్ షార్ట్ అడగండి. పట్టీ మీద ఎల్‌ఎస్ అని ఉంటుంది. దుకాణంలో తొడుక్కుని అద్దం ముందు నిలబడితే ఏమీ తెలియదు. ఇరవైసార్లు గొంతుక్కూర్చుని లేవండి, నేల మీది నాణెం తీసినట్టు వంగండి. నడుము వెనక గుడారం లేస్తే దాన్ని అక్కడే వదిలేయండి. కాలికి ప్లాస్టిక్ సంచి చుట్టుకుని దూర్చితే సులువుగా ఎక్కుతుంది.

కుట్లు చూడటం మరచిపోవద్దు. చవక సూట్లలో సూది ఇటునుంచి అటు దిగుతుంది, ప్రతి రంధ్రం ఒక జల్లెడ కన్ను. అంచులు అతికించి, సూది సగం మందం వరకే దిగేలా కుట్టినవి కావాలి. మీ 3/2లో మీరు వణికిన కారణం సగం మందమైతే సగం కుట్లు అయి ఉంటాయి. జిప్పు ఛాతీ మీద ఉంటే నీరు తక్కువ దూరుతుంది. కానీ భుజాలు పట్టేసిన మన వయసువాళ్లకు అందులోంచి బయటపడటం ఒక యజ్ఞం. నేను వీపు జిప్పుకే ఓటు వేస్తాను, తిట్టేవాళ్లు తిట్టండి.

డైవింగ్ కోసం చేసిన 7 మిల్లీమీటర్ల సూట్లు పాతవి చవకగా దొరుకుతాయి. నా మొదటిది అదే, ఓవరాల్స్ లాంటి దాని మీద కోటు. మొండెం మీద రెండు పొరలు, పద్నాలుగు మిల్లీమీటర్లు. చలి తెలియలేదు. నేల కూడా తెలియలేదు, ఛాతీ లోతుకు వెళ్లగానే కొబ్బరి బోండాంలా తేలాను. డైవింగ్ నియోప్రీన్‌ను గట్టిగా చేసేది లోతున నీటి ఒత్తిడికి నలగకుండా ఉండటానికి. పది మీటర్ల కింద ఒత్తిడి రెట్టింపు అవుతుంది. మన లోతుకు ఆ గట్టిదనం వృథా, వంగడానికి అడ్డం. 5/4తో కూడా కొంచెం తేలతారు. నేను నడుముకు నాలుగు కిలోల సీసం కట్టుకుంటాను.

డ్రైసూట్ జనవరిలో కూడా దిగే పిచ్చివాళ్లకు. నాకొకటి ఉంది. మీ బడ్జెట్‌లో మంచిది రాదు. వచ్చినా స్కూప్ అంచు తగిలి మోకాలి దగ్గర చిల్లు పడితే లోపలి ఉన్నిబట్టలన్నీ తడిసి ముద్ద.

నాలుగు వందలూ సూట్‌కే పెట్టకండి. బూట్లకు, చేతితొడుగులకు వంద పక్కన పెట్టండి. 5 మిల్లీమీటర్ల బూట్లు, అడుగు గట్టిది. చేతితొడుగులు కూడా 5. దిగే ముందు ఫ్లాస్కులోంచి గోరువెచ్చని నీళ్లు వాటిలో పోసుకోండి. మోకాళ్లకు తోటపని ప్యాడ్లు కట్టండి, లేకపోతే పెంకులు ఒక్క సీజనులో సూట్‌ను తినేస్తాయి. హెడ్‌ఫోన్లు టోపీ పైనుంచే పెట్టుకుని శబ్దం రెండు మెట్లు పెంచండి. కాయిల్‌తో పాటు తలా మునుగుతుందనుకుంటే బ్లూటూత్‌ను మరచిపోండి, నీటిలో అది పని చేయదు. తీగ ఉన్నవే కావాలి.

మీరు అడగకపోయినా రెండు మాటలు. సాండీ హుక్ వైపు డిటెక్టర్ తీసుకుపోవద్దు, అది నేషనల్ పార్క్ సర్వీస్ పరిధి, సాధారణంగా ఆ నేలల్లో దాన్ని వెంట ఉంచుకోవడమే నిషేధం. మిగతా చోట్ల ప్రతి ఊరికీ దాని నియమం ఉంటుంది, ముందే అడగండి. ఇంకొకటి, తుప్పు పట్టిన గొట్టం లాంటిది స్కూప్‌లో పడితే గోకి చూడవద్దు. 2007లో సర్ఫ్ సిటీ తీరంలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫ్యూజులు (ఫిరంగి గుండ్లను పేల్చే భాగాలు) వందల్లో బయటపడ్డాయి. తీరం పెంచడానికి సముద్రం అడుగునుంచి తోడిపోసిన ఇసుకతో పాటు వచ్చాయవి. దూరంగా జరిగి పోలీసులకు ఫోను చేయండి.

చలిజ్వరం (ఐసీయూ నర్సు, ఫిలడెల్ఫియా):

సూట్ల గురించి నాకు తెలియదు, మా వారికే ఈ పిచ్చి. నాకు భయం వేసింది పుష్కరఘాట్‌గారి తాళం చెవి కథకు. చల్లనీటి ప్రమాదాల్లో 1-10-1 అని ఒక గుర్తు ఉంది. మానిటోబా విశ్వవిద్యాలయంలో గీస్‌బ్రెక్ట్ అనే శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చారు. బాగా చల్లటి నీటిలో హఠాత్తుగా పడితే ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మన మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు గంట. మంచి సూట్ ఈ లెక్కను సాగదీస్తుంది, అంతే. చేతులు ముందు పోతాయి. వేళ్లతో బొటనవేలిని తాకలేకపోతే అదే బయటికి రావలసిన సమయం, సిగ్నల్ ఎంత తియ్యగా మోగుతున్నా సరే.

ఒడ్డుకు వచ్చాక కూడా కాసేపు ఒంటి లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది. వణుకుతూ కారు నడపకండి. తడి బట్టలు మార్చి, తియ్యటి టీ తాగి, వణుకు ఆగాక బయలుదేరండి. బ్రాందీ వద్దు, అది చర్మానికి రక్తం పంపి ఉన్న వేడిని బయట పారేస్తుంది. ఏళ్ల తరబడి చల్లనీరు చెవిలోకి వెళితే లోపల ఎముక పెరిగి దారి మూసుకుపోవచ్చు, కాబట్టి టోపీ తప్పనిసరి. ఒంటరిగా వెళ్లకండి. అక్కగారిని కారులో కూర్చోబెట్టుకుని వెళ్లినా చాలు.

పుష్కరఘాట్:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. నాలుగు దుకాణాలు తిరిగాను. మూడోచోట గొంతుక్కూర్చుని లేస్తుంటే అక్కడి కుర్రాడు "సార్, యోగా కోసమా?" అని అడిగాడు. చివరికి టోపీతో ఉన్న 5/4, ఎల్‌ఎస్, వీపు జిప్పు. నిరుటి సరుకు కాబట్టి 265 డాలర్లు. ఛాతీ మీద నున్నటి పలక లేదు, అందుకే మా అబ్బాయి పాత రెయిన్‌కోటు తీసుకున్నాను. బూట్లు, చేతితొడుగులు కలిపి 98.

మొన్న శనివారం అదే చోట దిగాను, నీళ్లు 54. మొదటి అల మెడ వెనకనుంచి లోపలికి జారినప్పుడు తాతలు గుర్తొచ్చారు. రెండు నిమిషాల తరువాత ఆ నీరు నాదే అయిపోయింది. గంటా ఇరవై నిమిషాలు ఉన్నాను. మా ఆవిడ కారులోంచి ప్రతి ఇరవై నిమిషాలకూ హారను కొట్టింది, నేను చెయ్యి ఎత్తి బొటనవేలు తాకించి చూపించాను. చలిజ్వరంగారూ, ఇదంతా మీ పుణ్యమే, ఇప్పుడు ఆవిడ ఇంట్లో కూడా ఆ పరీక్ష పెడుతోంది.

దొరికినవి: పదకొండు క్వార్టర్లు, ఆకుపచ్చగా మారిన సెంట్లు కొన్ని, ఒక చెవిపోగు (ఇత్తడే), గాలానికి కట్టే సీసం గుండ్లు ఏడు. ఉంగరం లేదు. ఒక చిక్కు మిగిలింది. అల వచ్చినప్పుడల్లా కాళ్లు లేచిపోతున్నాయి, స్కూప్ మీద కాలు వేసి తొక్కలేకపోతున్నాను. వెయిట్ బెల్టుకు ఇంకో అరవై డాలర్లు అంటే ఇంట్లో ఇక మాట చెల్లదు.

నీటికాకి:

ఆ సీసం గుండ్లు పారేశారా? పారేయకపోతే గట్టి గుడ్డతో రెండు సంచులు కుట్టించి, పాత సీటుబెల్టు పట్టీకి ఎక్కించి నడుముకు కట్టుకోండి. ఒక్క లాగుతో ఊడేలా కొక్కెం పెట్టించండి, ముడి వేయవద్దు. నా నాలుగు కిలోల్లో మూడు కిలోలు సముద్రం ఇచ్చినవే. గుండ్లు పట్టుకున్న చేతులు కడుక్కుని టిఫిను తినండి.