1853 ఎన్‌ఫీల్డ్ రెప్లికా: కొనేముందు ఏం చూడాలి?

పాతలాక్:
ప్యాటర్న్ 1853 ఎన్‌ఫీల్డ్ (మూతి వైపు నుంచి మందు నింపే పాత బ్రిటిష్ సైనిక రైఫిల్), త్రీ-బ్యాండ్ (బ్యారెల్‌ను కొయ్యకు పట్టి ఉంచే మూడు లోహపు పట్టీలున్న) రెప్లికా కోసం చూస్తున్నాను. గోడకు తగిలించుకోవడానికే కాదు, లైసెన్సు మీద రేంజ్‌లో మినీ (Minié) బుల్లెట్లు, అంటే వెనక బోలుగా ఉండే సీసం బుల్లెట్లు, కాల్చడానికి కూడా. కొత్త ఇటలీ తయారీ ఒకటి, వాడిన పార్కర్-హేల్ (ఇంగ్లండు తుపాకుల కంపెనీ) ఒకటి అమ్మకానికి ఉన్నాయి. రెండూ .577 అంగుళాల లోకొలతవి, రెండిటికీ 39 అంగుళాల బ్యారెలే. ట్విస్టు (బ్యారెల్ లోపలి గాడులు తిరిగే మెలిక) మాత్రం ఒకదానికి 48 అంగుళాలకో చుట్టు, ఇంకోదానికి 78 అని రాశారు. ఈ తేడా పట్టించుకోవాలా? చేతికిచ్చాక దేన్ని ముందు చూడాలి?

మూడుగాడులు:
పట్టించుకోవాలండి. అసలు 1853కి మూడు గాడులు, 78 అంగుళాలకో చుట్టు. గాడి లోతు బ్రీచ్ (బ్యారెల్ వెనక కొస) దగ్గర 0.013 అంగుళం ఉండి, మూతి దగ్గరికి వచ్చేసరికి 0.005కి తగ్గుతుంది. బుల్లెట్ వెనక బోలుగా ఉన్న అంచు విచ్చుకుని గాడిలో కూర్చున్నాక, ముందుకు పోయేకొద్దీ పట్టు బిగుస్తూ వస్తుంది. పార్కర్-హేల్ వాళ్లు పాత గేజీల ప్రకారం దీన్నే మళ్లీ చేశారు. 48 ట్విస్టు, అయిదు గాడులు 33 అంగుళాల టూ-బ్యాండ్ నేవల్ రైఫిల్‌వి. త్రీ-బ్యాండ్‌లో 48 ఉంటే గురి చెడుతుందని కాదు, చరిత్ర ప్రకారం మాత్రం అది కలగాపులగం.

బ్యారెల్ లోకొలత కచ్చితంగా కొలవండి. .577 అని రాసి ఉన్నా 0.575 నుంచి 0.580 దాకా వస్తుంటాయి. పిన్ గేజీతో కొలిచి, దానికన్నా 0.001 లేదా 0.002 అంగుళం చిన్న బుల్లెట్ ఎంచుకోవాలి. సీసం స్వచ్ఛంగా, మెత్తగా ఉండాలి. గట్టి మిశ్రమమైతే అంచు విచ్చుకోదు, బుల్లెట్ అడ్డంగా తిరుగుతుంది, టార్గెట్ కాగితం మీద పొడుగాటి చిల్లు పడుతుంది.

సియర్:
బ్యారెల్ ఎంత బాగున్నా లాక్ (హామర్‌ని ఎత్తి పట్టి, ట్రిగ్గర్ నొక్కగానే వదిలే యంత్రం) బాగాలేకపోతే వద్దు. ముందు తుపాకీ ఖాళీయో కాదో తేల్చుకోండి. ర్యామ్‌రాడ్ (మందు, బుల్లెట్ లోపలికి దట్టించే కడ్డీ) లోపలికి జారవిడిస్తే టంగుమని మోగాలి. మెత్తటి చప్పుడొస్తే లోపల ఏదో ఉన్నట్టే. హాఫ్ కాక్‌లో (హామర్ సగం ఎత్తి) పెట్టి ట్రిగ్గర్ గట్టిగా నొక్కినా హామర్ పడకూడదు. ఫుల్ కాక్‌లో (పూర్తిగా ఎత్తి) బొటనవేలితో హామర్‌ని ముందుకు తోసినా జారకూడదు. జారితే టంబ్లర్ (హామర్‌తో పాటు తిరిగే లోపలి ముక్క) గాడి అరిగింది, లేదా దాన్ని పట్టి ఉంచే సియర్ మొన మెత్తబడింది. అలాంటిది కొనకండి.

తర్వాత నిపుల్ (నిప్పు పుట్టించే క్యాప్ తొడిగే చిన్న గొట్టం) నెత్తిన కాస్త మసి రాసి, హామర్‌ని చేత్తో పట్టుకుని మెల్లగా దించండి. మరక హామర్ గిన్నె నడిమధ్యన పడాలి. పక్కకు పడితే క్యాప్ ముక్కలు బయటికి చిమ్ముతాయి, నిపుల్ అంచు చితుకుతుంది. చాలా చవక రెప్లికాల జబ్బు ఇదే! అమ్మేవాళ్లు ఒప్పుకుంటే లాక్ ఊడదీసి చూడండి. హాఫ్ కాక్‌లో ఉంచి, రెండు పక్క స్క్రూలూ కొన్ని చుట్లు వదులు చేసి, స్క్రూ తలల మీద మెల్లగా తట్టితే లాక్ దానంతటదే పైకి లేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే కొయ్య అంచు పెచ్చు లేచిపోతుంది.

వాల్‌నట్:
పై ఇద్దరూ చెప్పనిది బ్యాండ్ల సంగతి. ఇవి స్క్రూతో బిగించేవి. గట్టిగా బిగిస్తే బ్యారెల్ వంపు తిరిగి, వేడెక్కేకొద్దీ గురి పక్కకు జరుగుతుంది. వేలితో తిప్పితే కదలనంత బిగువు చాలు.

పార్కర్-హేల్ పేరున్నవన్నీ ఇంగ్లండువి కావు, తర్వాతి కాలంవి ఇటలీలో తయారయ్యాయి. పేరు చూసి ధర కట్టకండి, ప్రూఫ్ ముద్ర (బ్యారెల్‌ని పరీక్షించినట్టు వేసే గుర్తు) చూడండి. పీఎన్ (PN) అనే అక్షరాలు ఉంటే అది ఇటలీ బ్లాక్ పౌడర్ ప్రూఫ్. పాతదానిలా కనపడాలని ప్రూఫ్ ముద్రనూ సీరియల్ నంబరునూ అరగదీసిన తుపాకీ జోలికి పోవద్దు. భద్రతకూ చట్టానికీ అవే ఆధారం.

మీకు 1857 తర్వాత సిపాయిల చేతికిచ్చిన తుపాకీ మీద ఆసక్తి ఉంటే, అది ఇది కాదు. ప్యాటర్న్ 1858 ఇండియన్ సర్వీసుది .656 నున్నటి గొట్టం, పైగా వెనక సైటు కదలదు. 1853కి ఉండే నిచ్చెన సైటు దానికి పెట్టి అమ్మితే తప్పు తుపాకీ కొన్నట్టే.

మొదట 50 గ్రెయిన్ల (సుమారు 3.2 గ్రాముల) బ్లాక్ పౌడర్‌తో మొదలుపెట్టి, తయారీదారు ఇచ్చిన హద్దు దాటకుండా అయిదేసి గ్రెయిన్లు పెంచుతూ చూడండి. స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా వాడకూడదు, బ్యారెల్ పగులుతుంది.