గిన్నె, పెట్టె, గిన్నె... తరువాత ఏమిటి?

పొడుపుకథ: రెండు రోజులుగా ఈ వరుస నోట్లో నానుతోంది. ఉత్తర జపాన్‌లోని నంబు సంస్థానంలో, ఎడో కాలంలో (1603–1868), చదువురాని వారి కోసం అచ్చువేసిన బొమ్మల పంచాంగంలో ‘ఎనభై ఎనిమిదో రాత్రి’కి నాలుగు బొమ్మలు. గిన్నె, దొంతర పెట్టె, గిన్నె... నాలుగోది చంద్రుడేనా? బొమ్మ పేరుతో వేరే మాటను పలికించే ఈ పద్ధతిని తెలుగులో ఏమనాలి?

వ్యాకరణాభిమాని: చంద్రుడు కాదండీ, బాణం. ‘హచి’ గిన్నె, ఎనిమిది కూడా. పెట్టె పేరు జూబకో, అందులో ‘జూ’ పది. ‘య’ బాణం, రాత్రి కూడా. మూడింటిని చెవి కోసం గీసి నాలుగోదాన్ని కంటి కోసం గీయరు కదా! వసంతారంభం నుంచి లెక్కిస్తే మే 2 ప్రాంతం, విత్తనాల అదను. పేరంటారా, శ్లేష చాలు.

కావ్యప్రియ: శ్లేష ఎలా అవుతుంది? అందులో రెండర్థాలూ నిలవాలి. సూరన రాఘవపాండవీయం రామకథగా చదివినా, భారతకథగా చదివినా నిండుగానే ఉంటుంది. విరుపు మార్చి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఇక్కడ ‘హచి’ అని పలకగానే గిన్నె పని అయిపోయింది.

పొడుపుకథ: అయితే ధ్వనిచిత్రం?

కావ్యప్రియ: ధ్వని అనగానే కావ్యంలో సూచనగా తోచే వ్యంగ్యార్థం స్ఫురిస్తుంది. శబ్దచిత్రం అనండి.

వ్యాకరణాభిమాని: ఆ మాటను ఆలంకారికుడు మమ్మటుడు ఎప్పుడో వేరే అర్థంలో వాడేసుకున్నాడు. అది అలా ఉంచండి. వేసవి అయనాంతం ‘గెషి’. దానికి గీసింది గసగసాల మొక్క, అంటే ‘కెషి’, పక్కన రెండు చుక్కలు! జపాను లిపిలో ఆ చుక్కలు పడితే క కాస్తా గ అవుతుంది. చిన్నయసూరి ‘పరుషములకు సరళములగు’ అన్నదాన్ని బొమ్మ గీసి చూపినట్టు లేదూ?

బడిపలక: చుక్కలు గుర్తుపట్టగలిగిన రైతును నిరక్షరాస్యుడు అనడానికి నాకు మనసొప్పడం లేదు.

కావ్యప్రియ: సంధుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. వానకారు మొదలు ‘న్యూబై’. దానికి మూట లాక్కుపోయే దొంగ బొమ్మ. ‘ని’ మూట, ‘ఉబై’ లాక్కోవడం. ని, ఉ కలిస్తే న్యు. అచ్చంగా యణాదేశం!

వ్యాకరణాభిమాని: యణాదేశమైతే ‘న్యు’ హ్రస్వంగా ఉండాలి. ‘న్యూ’లో దీర్ఘం ఎక్కడిది?

కావ్యప్రియ: పిలుపులో సాగుతుంది కదండీ.

వ్యాకరణాభిమాని: పిలుపులో సాగేది చివరి అచ్చు. మొదటిది కాదు.

పొడుపుకథ: పెద్దలు మన్నించాలి. ఇంతకీ ఏ మాట రాసుకోమంటారు?

కావ్యప్రియ: ముందు ఈ దీర్ఘం సంగతి తేలనివ్వండి.